అబీలియో నిలబడే చోటు

తెయోఫిలా ఉవార్కాయ లెక్క ప్రకారం రోడ్డు మీద అమ్ముడుపోయేది సరుకు కాదు, చోటు. లీమాలో ఎమొలియెంతె కాచేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అందరూ కాచేది ఒకటే: వేయించిన బార్లీ, అవిసె గింజలు, గుప్పెడు ఎండు ఆకులు, దించాక నిమ్మరసం. పొగలు కక్కుతూ, కాస్త జిగురుగా, గొంతులోంచి వెచ్చగా జారుతుంది. ఒక చేతికీ ఇంకో చేతికీ రుచిలో తేడా ఉంటుంది గాని, ఆ తేడా కోసం చలిలో రోడ్డు దాటి వచ్చిన మనిషిని ఆమె పందొమ్మిదేళ్ళలో చూడలేదు. జనం ఎక్కడ ఆగితే అక్కడే తాగుతారు.

ఆమె బండి దగ్గర జనం ఆగేది బస్సు కోసం. ఆ స్టాపులో ఒక మనిషి సగటున తొమ్మిది నిమిషాలు నిలబడతాడు. మొదటి రెండు నిమిషాలు రోడ్డు చివరికి చూస్తాడు. మూడో నిమిషంలో చేతులు జేబుల్లోకి వెళ్తాయి. నాలుగో నిమిషంలో ముక్కుకు వాసన తగులుతుంది. ఐదో నిమిషంలో బండి దగ్గరికి వస్తాడు. వేడి గ్లాసు తాగడానికి నాలుగు నిమిషాలు. గ్లాసు కింద పెట్టేసరికి బస్సు వస్తుంది. ఈ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు. రోజూ అదే చూస్తూ ఉంటే దానంతటదే వచ్చింది.

అలాంటి చోటుకు, అక్కడ చలికాలం మొదలయ్యే జూన్ నెలలో ముప్పు వచ్చింది. స్టాపు స్తంభానికి మునిసిపాలిటీవాళ్ళు ఒక పసుప్పచ్చ కాగితం అంటించి వెళ్ళారు. పొద్దున పూట ఈ కూడలిలో బళ్ళు ఇరుక్కుపోవడానికి కారణం స్టాపు మూల మీద ఉండడమేనట. దాన్ని సిగ్నలు దాటించి, మూడువందల యాభై మీటర్ల అవతల బ్యాంకు ముందుకు మారుస్తారట. తెయోఫిలా లైసెన్సు ఈ మూలకు మాత్రమే. బ్యాంకు ముందు ఇంకొకావిడ పన్నెండేళ్ళుగా పాతుకుపోయి ఉంది. స్టాపు పోతే తెయోఫిలాకు మిగిలేది బండి, బిందె, ఎవరూ ఆగని మూల.

ఆ కాగితం వెనక లెక్కలు కట్టే అమ్మాయి రోజూ తెయోఫిలా దగ్గరే తాగేది. పేరు ఫియొరెలా బసలార్. మునిసిపాలిటీలో ట్రాఫిక్ ఇంజనీరు. మూడు వారాలుగా పొద్దున్నే వచ్చి మూల మీద నిలబడి, వచ్చే బళ్ళనూ పోయే బళ్ళనూ లెక్కపెట్టుకుంటోంది. బేరానికి వచ్చే అందరిలాగే ఆమె కూడా తెయోఫిలాను కసేరా అనే పిలిచేది.

"నా బండి మీదే చెయ్యి ఆనించి నా చోటే కొలుస్తున్నావు, ఇంజనీరమ్మా," అంది తెయోఫిలా గ్లాసు నింపుతూ. "నిమ్మరసం ఎక్కువ వెయ్యనా, తక్కువా?"

"కోపంగా ఉంటే తక్కువే వెయ్యి, కసేరా."

"కోపానికి నిమ్మకాయలు దండగ. నీ కంప్యూటరులో నా బండి ఉందా లేదా, అది చెప్పు."

"బండి లేదు. బస్సులున్నాయి, కార్లున్నాయి, మనుషులున్నారు. ఊరికి నకలు అనుకో. రోడ్డు తవ్వకముందే అందులో తవ్వి చూస్తాం. స్టాపు మార్చకముందే అందులో మార్చి చూస్తాం. శనివారం సభలో చూపిస్తారు. రాకూడదా?"

"టికెట్టా?"

"ఊరికే."

"ఊరికే చూపించేదాంట్లో నాకెప్పుడూ లాభం రాలేదు. అయినా వస్తాలే."

శనివారం మునిసిపాలిటీ హాలులో గోడంత తెర కట్టారు. ఫియొరెలా పైఅధికారి, వాళ్ళంతా పెద్దాయన అనే మనిషి, మైకు పట్టుకుని మాట్లాడాడు. తెర మీద కూడలిని పక్షి చూసినట్టు పైనుంచి చూపించారు. పసుపు గింజల్లా బస్సులు, నల్ల గింజల్లా కార్లు. స్టాపు ఇప్పుడున్నచోటే ఉంటే ఒక్కో బండి కూడలి దాటడానికి నాలుగు నిమిషాల పది సెకన్లు. బ్యాంకు ముందుకు మారిస్తే రెండున్నర. జనం చప్పట్లు కొట్టారు.

తెయోఫిలా కొట్టలేదు. ఆమె పసుపు గింజలనే చూస్తోంది. ప్రతి బస్సూ వచ్చింది, ఆగింది, ఆమె పెదవులతో లెక్కపెడితే డెబ్భై అయ్యేసరికి కదిలింది. తర్వాతదీ డెబ్భయ్యే. ఆ తర్వాతదీ అంతే. గుడిలో సత్ప్రసాదం కోసం వరసలో నడిచేవాళ్ళలా బుద్ధిగా వచ్చాయి, వెళ్ళాయి. ఇన్నేళ్ళలో అంత బుద్ధిమంతుడైన డ్రైవరును ఆమె ఒక్కణ్ణి కూడా చూడలేదు. అయినా సభలో నోరు విప్పలేదు. పదిమందిలో అన్న మాట పదిమందిదీ అవుతుంది. ఈ మాట కొన్నాళ్ళు తన దగ్గరే ఉండాలనుకుంది.

సోమవారం ఫియొరెలా గ్లాసు అందుకుంటుండగా తెయోఫిలా అడిగింది. "ఆ సినిమాలో బస్సులు ఎవరివమ్మా?"

"మనవే."

"మనవి కావు. ప్రతిదీ డెబ్భై సెకన్లు ఆగింది. ఇటు చూడు."

ఒక బస్సు వచ్చింది. కండక్టరు నయేలి ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో పెట్టి, "ఏంటమ్మా, వస్తావా లేదా? కుడికాలు, కుడికాలు ముందు!" అంటూ ఒక ముసలమ్మను లోపలికి లాగింది. పదిహేను సెకన్లలో బస్సు మాయమైంది. దాని వెనక వచ్చింది మాత్రం కదల్లేదు. ఇంజను గురగురలాడుతోంది, లోపలివాళ్ళు రేకు మీద కొడుతున్నారు, డ్రైవరు అద్దంలో చూసుకుంటూ జుట్టు దువ్వుకుంటున్నాడు. మూడు నిమిషాలు గడిచాయి. వెనక కార్లు మందుల షాపు దాకా పేరుకున్నాయి.

ఫియొరెలా చూపు గ్లాసులోకి దించుకుంది. "నిజం చెప్పాలంటే, మొదట నేను ఇరవై ఐదు సెకన్లే పెట్టాను, కసేరా. జనం ఎక్కి దిగడానికి అంతే పడుతుంది. కానీ కంప్యూటరులో కార్ల వరస ఇక్కడిలా మందుల షాపు దాకా రాలేదు, సగంలోనే ఆగింది. పెద్దాయనకి చూపిస్తే, వరస షాపు దాకా వచ్చేవరకు ఆగే టైము పెంచుకుంటూ పొమ్మన్నాడు. డెబ్భై దగ్గర వచ్చింది."

"నేను తేనె వేస్తే తీపి వస్తుంది. మాడ్చిన పంచదార వేసినా తీపి వస్తుంది. నాలుకకి రెండూ ఒకటే. దగ్గు మాత్రం తేనెకే తగ్గుతుంది."

"మరి ఎందుకు ఆగుతున్నాయి?"

తెయోఫిలా సమాధానం చెప్పబోయి, స్తంభం వైపు చూసి, ఆగింది. "రేపు అడుగు. ముందు ఒక మనిషితో మాట్లాడాలి."

ఆ మనిషి అబీలియో. బండికి పది అడుగుల్లో, స్టాపు స్తంభానికి ఆనుకుని నిలబడతాడు. చేతిలో గడియారం, నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు. ప్రతి బస్సు నంబరూ, వచ్చిన నిమిషమూ, కదిలిన నిమిషమూ రాసుకుంటాడు. తర్వాతి బస్సు రాగానే కండక్టరుకు వినపడేలా అరుస్తాడు: "ముందుది రెండు, దాని ముందుది పదకొండు!" అంటే ముందు బస్సు వెళ్ళి రెండు నిమిషాలే అయింది, దారిలో జనం మిగిలి ఉండరు, పరుగెత్తి లాభం లేదు. డ్రైవరు అక్కడే కూలబడతాడు. అదే "ముందుది తొమ్మిది" అని వింటే, స్టాపులన్నీ నిండి ఉంటాయని తెలిసి గాలిలా పోతాడు. చెప్పినందుకు కండక్టరు ఒక నాణెం విసురుతుంది. అలాంటివాళ్ళను అక్కడ దాతెరో అంటారు. అబీలియో ఆ స్తంభం దగ్గరికి వచ్చి పదకొండేళ్ళు. తెయోఫిలా కూతురి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడింది కూడా అతనే; ఆ వరసతోనే ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే, కొమాద్రే అని పిలుచుకుంటారు.

రద్దీ తగ్గాక ఆమె అతనికి గ్లాసు నింపి ఇచ్చి, పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది.

"కొంపాద్రే, నీ పాత నోటుబుక్కులు ఏం చేస్తావు?"

"వేరుశెనగలమ్మే ఆవిడకిస్తాను, పొట్లాలకి. ఏం, నువ్వూ శెనగల్లోకి దిగుతున్నావా, కొమాద్రే?"

"ఎన్ని మిగిలాయి?"

"మంచం కింద రెండు పెట్టెలు. మా ఆవిడ వాటి మీద పిల్లిని పడుకోబెడుతుంది."

తెయోఫిలా విషయం చెప్పింది. అబీలియో సగం గ్లాసు తాగి ఆపేశాడు.

"అంటే ఈ ఇరుకంతా నా వల్లేనని ఆ పిల్లకి చెప్తావా?"

"నీ వల్లే కదా."

"డ్రైవర్ల వల్ల. నేను టైము చెప్తాను, అంతే. గడియారం మీద కేసు పెడతారా?"

"గోడ మీది గడియారాన్ని ఎవరూ ఏమీ అనరు. నీకు కాళ్ళున్నాయి, పట్టుకుంటారు."

అబీలియో నవ్వలేదు. "స్టాపు మారితే నాకేం నష్టం? నా అంగడి జేబులో ఉంది. మూడొందల యాభై మీటర్లు నడుస్తాను. నష్టం నీది. నీ నష్టానికి నా మెడెందుకు?"

అడగవలసిన ప్రశ్నే. తెయోఫిలాకు అందులో తప్పేమీ కనపడలేదు. అతని చోట తనుంటే తనూ అదే అడిగేది.

"సరే, చూద్దాం. స్టాపు మారుతుంది. నువ్వూ వెళ్తావు. 'ముందుది రెండు' అంటావు. బస్సు బ్యాంకు ముందు మూడు నిమిషాలు కూర్చుంటుంది. ఇక్కడైతే మందుల షాపువాడు తిట్టుకుని ఊరుకుంటాడు. బ్యాంకువాళ్ళు ఊరుకుంటారా? రెండో వారానికి కారణం ఎవరా అని వెతుకుతారు. నోటుబుక్కు పట్టుకుని అరిచేవాడు అక్కడ నువ్వొక్కడివే. అప్పుడు మునిసిపాలిటీకి పోలీసుతో వెళ్తావు. ఇప్పుడైతే పెట్టెలతో వెళ్తావు. నడక ఒకటే, మర్యాదలో తేడా."

 అబీలియో లేచి, వచ్చిన బస్సుకు టైము చెప్పి తిరిగొచ్చాడు.

"నా పేరు ఎక్కడా రాయకూడదు," అన్నాడు చివరికి.

"రాయనివ్వను."

"ఒక పెట్టె పిల్లికి వదిలెయ్యాలి."

"రెండూ తే. పిల్లికి నేనిస్తాను బుట్ట."

ఆ నోటుబుక్కులు కంప్యూటరులోకి ఎక్కించడానికి ఫియొరెలాకు రెండు వారాలు పట్టింది. ప్రతి బస్సు ఏ నిమిషంలో వచ్చింది, ముందుదానికి ఎంత ఎడం, ఆ ఎడం చూసుకుని ఎంతసేపు ఆగింది, అన్నీ ఉన్నాయి. ఆ రెండు పెట్టెల్లో అబీలియో ఎగ్గొట్టిన రోజులు పట్టుమని పది లేవు. ఇంత వివరం డబ్బు పోసినా దొరకదని ఆ అమ్మాయి అంటే, అతను టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

జులై చివర్లో ఒక మధ్యాహ్నం ఫియొరెలా ఇద్దరినీ ఆఫీసుకు పిలిచింది. పెద్దాయన కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డెబ్భై సెకన్ల అంకె తీసేసి, ఫియొరెలా బస్సులకు ఒకే ఒక నియమం నేర్పింది: ముందుది దగ్గర్లో ఉంటే ఆగు, దూరంగా ఉంటే పరుగెత్తు. తెర మీద పసుపు గింజలు ఇప్పుడు బుద్ధిగా లేవు. ఒకటి తోసుకుపోతోంది, ఒకటి మొండికేసింది. వెనక వరస పెరుగుతూ పెరుగుతూ, ఎవరూ చెయ్యి వెయ్యకుండానే, మందుల షాపు దగ్గర ఆగింది.

"అదుగో, ఆ మొండిది నలభై ఎనిమిదో నంబరు," అన్నాడు అబీలియో తెరకు వేలు ఆనించి. "వాడి ముఖం కూడా కనిపిస్తోంది నాకు."

"ఇప్పుడు స్టాపు మారుద్దాం," అంది ఫియొరెలా.

పసుపు గింజలు బ్యాంకు ముందు కూలబడ్డాయి. వాటి వెనక వరస పాకుతూ వచ్చి సరిగ్గా కూడలి నడిమధ్యలో కూర్చుంది. ఇప్పుడు అడ్డంగా వచ్చే రోడ్డు కూడా ఆగిపోయింది. నాలుగు నిమిషాల పది సెకన్లు కాస్తా ఐదు దాటింది. పెద్దాయన గడ్డం గోక్కున్నాడు.

"దాతెరోను తీసేస్తే?" అన్నాడు, అబీలియో వైపు చూడకుండా.

ఫియొరెలా ఒక మీట నొక్కింది. బస్సులకు ముందేముందో తెలియడం ఆగిపోయింది. కాసేపటికి మూడేసి నాలుగేసి గుంపుగా ఒకదాన్నొకటి రాసుకుంటూ రావడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత ఇరవై నిమిషాలు రోడ్డు ఖాళీ.

"పోయాను కదా, చూసుకోండి మరి," అన్నాడు అబీలియో తృప్తిగా. తను లేకపోతే ఊరు ఏమవుతుందో కళ్ళతో చూసే అదృష్టం అందరికీ రాదు.

తెయోఫిలా ఇప్పుడు అడిగింది. "స్టాపును పాత మూల మీదే ఉంచి అబీలియోను జరిపితే ఎలా ఉంటుంది? నాలుగు వీధులు వెనక్కి, పాత బట్టల మిల్లు గోడ దగ్గరికి. అక్కడ రోడ్డు మూడు బళ్ళ వెడల్పు. ఆగినా ఎవరికీ అడ్డం ఉండదు."

ఫియొరెలా జరిపింది. బస్సులు మిల్లు గోడ దగ్గరే సంగతి విని, అక్కడే మందగించి, ఎడం చూసుకుని బయల్దేరాయి. మూలకు వచ్చేసరికి ఆగాల్సిన పని లేదు. ఎక్కించుకోవడం, పోవడం. కూడలి దాటడానికి రెండు నిమిషాల ఇరవై సెకన్లు. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

తెర అడుగున ఇంకో చిన్న అంకె ఉంది. దాన్ని తెయోఫిలా ఒక్కతే చూసింది. మూల దగ్గర ప్రయాణికుడు నిలబడే సమయం: తొమ్మిది నుంచి ఐదుకు దిగింది.

ఐదో నిమిషంలోనే మనిషి బండి దగ్గరికి వచ్చేది. రాగానే బస్సు కూడా వస్తే తాగేదెప్పుడు?

ఆమెకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఆ గదిలో ఎవరికీ తట్టనిది. మంచి స్తంభం ఖాళీగా ఉండదు. అబీలియో వెళ్ళిన వారానికల్లా ఇంకో దాతెరో వచ్చి నోటుబుక్కు తెరుస్తాడు. బస్సులు మళ్ళీ మూలమీదే కూలబడతాయి, జనం మళ్ళీ తొమ్మిది నిమిషాలు నిలబడతారు. నోరు మూసుకుంటే చాలు, చోటూ ఉంటుంది, తొమ్మిది నిమిషాలూ ఉంటాయి. కాని ఎన్నాళ్ళు? కూడలి మళ్ళీ ఇరుకైతే మళ్ళీ పసుప్పచ్చ కాగితం వస్తుంది. ఈసారి అబీలియో నోటుబుక్కులు ఉండవు, ఎవరూ తనను ఆఫీసుకు పిలవరు. నాలుగు నెలలుండే తొమ్మిది నిమిషాల కంటే, ఎప్పటికీ ఉండే ఐదు నిమిషాలు మేలు.

"ఒక లోటుంది సార్," అంది. "ఆ స్తంభం దగ్గర ఇంకొకడు చేరతాడు."

పెద్దాయన కూర్చున్నాడు. "అయితే పోలీసును పెట్టాలి."

"పోలీసు ఎన్నాళ్ళు నిలబడతాడు? స్తంభానికి ఆనించి నా బండి పెట్టించండి. పది అడుగులు జరిగితే చాలు. నా బిందె, నా పొయ్యి, నా బకెట్టు అక్కడుంటే నోటుబుక్కు పెట్టుకోడానికి అంగుళం చోటుండదు. లైసెన్సులో 'మూల' అని ఉంది. 'స్తంభం' అని రాయించండి."

పెద్దాయన ఫియొరెలా వైపు చూశాడు. ఫియొరెలా నవ్వు దాచుకోవడానికి తెర వైపు తిరిగింది.

"మూడు నెలలు చూద్దాం," అన్నాడు ఆయన.

"చూడండి. రాసేది మాత్రం ఇవాళే రాయండి."

బయటికి వచ్చాక అబీలియో అన్నాడు. "అందరికీ ఏదో ఒకటి దొరికింది. నాకు మిల్లు గోడ దొరికింది."

"రేకు కప్పు ఉన్న బెంచీ ఉందిగా అక్కడ."

"ఎమొలియెంతె లేదు."

"పంపిస్తానులే."

ఆగస్టు మొదటి సోమవారం తెయోఫిలా బండి స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. సన్నటి తుంపర పడుతోంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. మందుల షాపు ముందు కార్లు లేవు. ఫియొరెలా వచ్చి గడియారం చూసుకుంది, మళ్ళీ చూసుకుంది. తెర మీది అంకె రోడ్డు మీదికి దిగినట్టే ఉంది.

తెయోఫిలా మాత్రం గ్లాసులు చూస్తోంది. ఒకతను రెండు గుక్కలు తాగాడు, నాలుక కాలింది, బస్సు వచ్చింది, సగం వదిలేసి పరుగెత్తాడు. ఆ తర్వాత ఇంకొకావిడ. ఎనిమిది గంటలకల్లా పధ్నాలుగు సగం గ్లాసులు. మొదట ఆమె బిందెను మంట మీంచి కాస్త ముందే దించింది. తర్వాత పెద్ద గ్లాసులు కిందపెట్టి చిన్నవి తీసింది. రెండు నిమిషాల్లో తాగగలిగేంత వేడి, తాగగలిగేంత కొలత. ఆ పూటకు కొంత నయమైంది. పాత లెక్కకు మాత్రం ఇంకా మూడో వంతు తక్కువే.

అబీలియోకు మాట ఇచ్చింది కనక, ఒక ప్లాస్టిక్ సంచిలో ఎమొలియెంతె పోసి, గొట్టం పెట్టి మూతి బిగించి, ఎదురు వైపు వెళ్ళే బస్సులో నయేలి చేతికిచ్చింది. అరగంటకు నయేలి ఇటువైపు వచ్చే బస్సులో మెట్టు మీద వేలాడుతూ తిరిగొచ్చింది.

"తాగాడా?"

"తాగి, ఇంకాస్త నిమ్మరసం పడాలన్నాడు. నీ సంచి చూసి మా బస్సులో వాళ్ళు నన్ను పీక్కు తిన్నారమ్మా. మాకేవీ, మాకేవీ అని."

"ఎందుకట?"

"ఎందుకేంటి, మిల్లు గోడ దగ్గర కూర్చోబెడుతున్నాడుగా మా డ్రైవరు. బయట చలి, లోపల పనేం లేదు. తిట్టడం తప్ప."

తెయోఫిలా చేతిలో గరిటె ఆగింది. "ఎంతసేపు కూర్చోబెడుతున్నాడు?"

"మూడు. ఒక్కోసారి నాలుగు నిమిషాలు."

 పోయాయనుకున్న నాలుగు నిమిషాలు ఎక్కడికీ పోలేదు. నాలుగు వీధుల అవతల, బస్సు కిటికీల పక్కన, చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాయి. లైసెన్సు మూలకు కట్టేసింది బండినే. సంచులను కాదు.

"ఎదురు బస్సు ఎప్పుడొస్తుంది?"

"పదిహేను నిమిషాల్లో మళ్ళీ నేనే వస్తాను. ఏం?"

"మిల్లు గోడ దగ్గర బస్సుల్లోకి సంచులు అందించడానికి అబీలియో పెళ్ళాం ఖాళీగా ఉంటుందేమో అతన్ని కనుక్కో," అంది తెయోఫిలా, ఒక చేత్తో సంచుల కట్ట విప్పుతూ, ఇంకో చేత్తో మంట పెంచుతూ. దారిలో చల్లారుతుంది కనక, వాటికి మాత్రం బాగా మరగాలి.